కళ్ళ సాక్ష్యం

ఆనందరావు మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి, మోటారు మూతికి చుట్టుకున్న ప్లాస్టిక్ కవరును లాగుతున్నాడు. రాయదుర్గంలోని ఆ అద్దాల మేడకు నేల కింద మూడు అంతస్తులున్నాయి. వాన పడితే పైవాళ్ళు గొడుగులు దులుపుకుని లిఫ్టెక్కిపోతారు. నీళ్ళు మాత్రం అట్టడుగు సెల్లారులోని గుంతలోకి, అతని దగ్గరికి వస్తాయి. ఈసారి వానతోపాటు ఎలుకలు కూడా వచ్చాయి. బతికినవి పైపుల మీద పరుగెడుతున్నాయి, చచ్చినవి పొట్టలుబ్బి తేలుతున్నాయి. ఒకటి మోకాలికి తగిలితే చేత్తో పక్కకు నెట్టాడు.

కవరు ఊడింది. మోటారు ఒకసారి దగ్గి నీళ్ళు లాగడం మొదలుపెట్టింది. గట్టెక్కడానికి కాలెత్తబోయి ఆగిపోయాడు. పిక్కల్లో ఎవరో కత్తి దించి తిప్పినట్టయింది. కొన్నాళ్ళుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. దానికి మాత్రలున్నాయి. ఈ పిక్కల నొప్పి మాత్రం దేనికీ లొంగడం లేదు. అరికాళ్ళు నాని తెల్లగా పాలిపోయాయి. మడమల పగుళ్ళు నోళ్ళు తెరుచుకున్నాయి.

గోడకున్న అద్దం ముక్కలో కళ్ళు చూసుకున్నాడు. ఎర్రగా, రక్తం చిమ్మేలా ఉన్నాయి. ఆ కళ్ళు అతనికి కొత్త కాదు. తెనాలిలో ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి పొద్దున్నే అద్దంలో అవే కనబడేవి. భార్య రూతమ్మ భయంతో లోపల గడియ పెట్టుకుని పడుకున్న రోజులవి. తర్వాత తాగుడు మానేశాడు. బతుకు మొత్తంలో తన చేతుల్తో తను కట్టుకున్నది అదొక్కటే. పుప్పాలగూడ ప్రార్థన మందిరంలో ఏటా లేచి నిలబడి దాని గురించి సాక్ష్యం చెబుతాడు. ఆ కాసేపు అందరూ తలలు తిప్పి అతన్నే చూస్తారు.

మిగతా రోజుల్లో నిలబడడానికి అతనికి ఏదో ఒక పట్టు కావాలి. తాగేవాళ్ళ మీద ద్వేషాన్ని పట్టుకున్నాడు. పనిలోకి దిగే ప్రతి మనిషి కళ్ళలోకీ చూసేవాడు. తాగొచ్చాడని అనుమానం వస్తే పై అధికారులకు చెప్పేవాడు. ఒకణ్ణి పట్టించిన రోజు తన దాహం ఎటో పోయేది. తనతో పనిచేసే బుల్లిబాబుకు సెల్లారు పని పోయింది అలాగే. ఇప్పుడతను పైన ఎండలో నిలబడి కార్లకు దారి చూపిస్తున్నాడు.

టీ కోసం ఆనందరావు గోడ పట్టుకుని ర్యాంపు ఎక్కాడు. గేటు దగ్గర సెక్యూరిటీ కొమురయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా, గిట్ల ఊగుతున్నవ్? పొద్దుగాల్నే ఏసినవా?"

"జ్వరం కొమురయ్యా. కాళ్ళు నిలవట్లేదు."

"కండ్లకు గూడ జ్వరమేనా?"

అక్కడున్న క్యాబ్ డ్రైవర్లు నవ్వారు. తాగినవాళ్ళను పట్టడానికి కొమురయ్య దగ్గరుంచుకునే మిషన్ కోసం ఆనందరావు చెయ్యి చాపాడు. "మిషన్ ఇలా ఇవ్వు. ఊదుతా."

ఊదాడు. సున్నా వచ్చింది. అందరికీ చూపించడానికి దాన్ని పైకెత్తబోతుంటే కొమురయ్య లాక్కున్నాడు.

"మిషన్‌ది ఏమున్నదే. నువ్వే గద జెప్పినవ్, మిషన్ను నమ్మొద్దు, కండ్లు జూడుమని? బుల్లిబాబు ఊదిన రోజు గూడ సున్ననే వచ్చె."

ఆనందరావు ఖాళీ చేతిని కిందికి దించాడు. ఆ మాట తనదే. ఏ గొంతుతో, ఎంత ధీమాగా అన్నాడో కూడా గుర్తుంది.

చేతిలో ఎర్రజెండాతో బుల్లిబాబు వచ్చాడు. డ్రైవర్లను తోసుకుని ఆనందరావు నోటి దగ్గర ముక్కు పెట్టి పీల్చాడు.

"ఈయన తాగలేదండి. ఆ వాసన నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" రెప్ప కిందికి లాగి చూశాడు. "బాబాయ్, ఎరుపు సంగతి అలా ఉంచు. అడుగున పచ్చబడుతున్నాయి. బండెక్కు, ఆస్పత్రికి పోదాం."

"మస్తు సాక్షి దొరికిండు పో నీకు!" అన్నాడు కొమురయ్య. నవ్వులు మళ్ళీ లేచాయి.

ఆ క్షణంలో ఆనందరావుకు కొమురయ్య కన్నా బుల్లిబాబు మీదే ఎక్కువ కసి పుట్టింది. తన నిజం చివరికి ఆ నోట్లోంచి రావాలా? ఆ నోరు పలికితే నిజం కూడా కంపు కొడుతుంది.

"నీ బండెక్కితే లేనిది కూడా ఉందంటారు. నీ పని చూసుకో."

"నీ ఇష్టం బాబాయ్. చచ్చినా ఆ బిగువు మానవు."

బిల్డింగ్ మేనేజర్ లావణ్య దూరంగానే ఆగింది. చేతిలో ఫోన్ మోగుతోంది. "తాగాడో లేదో నాకనవసరం. మోటారు ఆగితే లిఫ్టు గుంతలోకి నీళ్ళొస్తాయి. ఈ రోజుకు ఉండనివ్వండి. రేపు వేరే మనిషిని పంపమని ఏజెన్సీకి చెప్తాను."

అతను మళ్ళీ కిందికి దిగాడు. డ్యూటీ అయ్యేదాకా నిలబడాలనుకున్నాడు. రోజంతా నిలబడినవాణ్ణి తాగినవాడని ఎవరనగలరు? గోడకు వీపు ఆనించలేదు. కాసేపటికి మోటారు చప్పుడు చెవుల్లోంచి తలలోకి ఎక్కింది. నిజంగానే తాగానా అని ఒక్క క్షణం అతనికే అనుమానం వచ్చింది. రూతమ్మకు ఫోన్ చేశాడు. నాలుక దళసరిగా, వేరొకరిదిలా ఉంది.

"రూతూ... నే... నేను తాగ..."



"మళ్ళీ మొదలెట్టావా?" అంది. లైను తెగిపోయింది.

ఆ తర్వాతే అతని వీపు గోడకు ఆనింది. గోడ వెంట మెల్లగా జారి నీళ్ళ అంచున కూర్చున్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగుతూ బుల్లిబాబు ఎందుకో సెల్లారులోకి తొంగి చూశాడు. పడి ఉన్న మనిషిని భుజాన వేసుకుని పైకి తెచ్చి ఆస్పత్రికి ఆటో ఎక్కించాడు. ఈసారి ఆనందరావు వద్దనలేదు. కళ్ళు పూర్తిగా పచ్చబడ్డాయి. మర్నాడు సాయంత్రం, వార్డులో లైట్లు వేసే వేళకు, పక్క మంచంవాళ్ళకు కూడా తెలియకుండా అతని ఊపిరి ఆగిపోయింది.

డాక్టర్ సుష్మ వరండాలో నిలబడి రూతమ్మకు చెప్పింది. "లెప్టోస్పైరా అనే క్రిమి అమ్మా. స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో బతుకుతుంది. కాళ్ళ పగుళ్ళలోంచి లోపలికి పోయి కాలేయాన్నీ కిడ్నీలనూ పట్టుకుంది. కళ్ళు ఎర్రబడడం, పిక్కల నొప్పి, అన్నీ దాని వల్లే. మొదట్లోనే తెచ్చుంటే మామూలు మందులకే తగ్గేది."

"అయితే తాగలేదా?"

"లేదమ్మా."

రూతమ్మ ఏడవలేదు. అటు గోడ దగ్గర నిలబడిన బుల్లిబాబు వైపు, అతనేదో తప్పు చేసినట్టు, ఉరిమి చూసింది.

ఏజెన్సీ పంపిన కొత్త మనిషికి పంపు గది చూపించడానికి కొమురయ్య దిగాడు. గట్టు మీద ఆనందరావు వదిలేసిన, సగం ఖాళీ అయిన ప్లాస్టిక్ సీసా ఉంది. కొత్తవాడు స్విచ్చుల వైపు తిరిగినప్పుడు కొమురయ్య దాని మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి పీల్చాడు. ఏ వాసనా లేదు. మూత బిగించి సీసాను తీసినచోటే పెట్టాడు. మోటారు తిరుగుతున్నంతసేపూ అందులోని మంచినీళ్ళు సన్నగా వణుకుతూనే ఉన్నాయి.