ఏడ్చిన ముఖం

మా ఆయన జన్మలో మందు ముట్టలేదు. దగ్గు మందు తాగించాలన్నా నేను వెంటపడాలి. అలాంటి మనిషి ముఖం బస్టాండు గోడ మీద, "తాగుడు మీ ఇంటిని ముంచేస్తోందా?" అన్న అక్షరాల కింద, ఇంతెత్తున కనిపించేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. తాగుడు మాన్పించే ఆసుపత్రివాళ్ల ప్రకటన అది.

ఆ ఫోటో నాకు తెలుసు. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. గుర్తింపు కార్డు కోసం స్కూలువాళ్లు తొందరపెడితే, మా అత్తగారు పోయిన మర్నాడే వెళ్లి తీయించుకున్నాడు. కళ్లు వాచిపోయి, ముఖం పీక్కుపోయి ఉంది. అమ్మ కోసం ఏడ్చిన ముఖం అది.

తిన్నగా ఆ ఫోటో తీసిన స్టూడియోకి వెళ్లి ఫోటోగ్రాఫర్‌ని దులిపేశాను.

"వాళ్లు అడిగితే, ముఖంలో బాధ బాగా పలికింది కదా అని ఇచ్చేశా అక్కా. ఇంత గొడవవుతుందనుకోలేదు" అని నీళ్లు నమిలాడు.

"నీ ముఖం ఇవ్వకపోయావా? ఇప్పుడింకా బాగా పలుకుతోంది!" అన్నాను.

ఈలోగా ప్రిన్సిపాల్ మా ఆయన్ని పిలిపించింది. "నువ్వు తాగవని మాకు తెలుసయ్యా. పిల్లల తల్లిదండ్రులే ఒప్పుకోవట్లేదు. వాళ్ల అనుమానం తీరేదాకా వ్యాను ఎక్కకు" అంది.

లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. "కెమెరా వాళ్లదైతే అయింది, ముఖం మీది. మిమ్మల్ని అడక్కుండా ప్రకటనలో వాడుకునే హక్కు ఎవరికీ లేదు" అంది. నోటీసు అందగానే ఆసుపత్రివాళ్లు దిగొచ్చారు. పోస్టర్లు పీకేసి, అదే చోట్ల క్షమాపణ అంటిస్తామన్నారు.

"దాంట్లో ఆ ఫోటో కూడా వేయించుకోండి. జనానికి మీ పేరు తెలీదు, ముఖమే తెలుసు. అది లేకపోతే ఎవరి గురించో ఎలా తెలుస్తుంది?" అంది లాయరమ్మ.

"వద్దు మేడమ్. మా అమ్మ కోసం ఏడిస్తే గోడకెక్కించారు. మళ్లీ చూడలేను."

"ఉద్యోగం పోతుందండీ!" అని బతిమాలాను, అరిచాను, ఏడ్చాను.

"ముఖం నాదేనన్నారుగా మేడమ్" అన్నాడాయన. లాయరమ్మ ఫోటో లేకుండానే క్షమాపణ వేయమని ఆసుపత్రికి రాసింది.

గోడ మీద క్షమాపణ అంటూ తెల్లకాగితం అంటించారు. అంతా అక్షరాలే. ఎవరూ ఆగి చదవలేదు. ప్రిన్సిపాల్ కొన్నాళ్లు చూసి, వ్యాను తాళాలు ఇంకొకరికి ఇచ్చేసింది.

నిన్న ఇద్దరం బస్టాండుకి వెళ్లాం. ఆయన వ్యానులో ముందు సీటు కోసం రోజూ పోట్లాడే పిల్ల తన తల్లితో అక్కడే నిలబడి ఉంది. "డ్రైవరంకుల్!" అని కేకేసి చెయ్యూపింది. తల్లి తిరిగి చూసి, పిల్లని చటుక్కున అవతలి పక్కకి లాక్కుంది. ఆ క్షమాపణ కాగితం ఆమె వెనకాలే ఉంది.

ఆయన ఊపబోయిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.