లింగమూర్తి లేతు మీద వేరే ఊరి వాన

సిద్దిపేటలో లక్ష్మీరాజం సేటు బియ్యం గిర్నీని ఆనుకుని ఒక రేకుల షెడ్డు. లింగమూర్తి పొద్దున్నే అందులోకి రాగానే చేసే మొదటి పని, పాత పంచె ముక్కతో, ఇనుము చెక్కే లేతు మిషినును తుడవడం. తుడిచేది నూనె కాదు, వాన నీళ్లు. ఆ మిషిను ఎక్కడ పుట్టిందో అక్కడ వాన పడితే ఇక్కడ దాని మీద పడేది. సరిగ్గా మిషిను ఎంత పొడుగో అంత మేరకే, రేకుల కిందనే, సన్నగా పడేది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా దానికి పట్టేది కాదు. గిర్నీకి వడ్లు తెచ్చిన రైతులు నెత్తి రుమాలు విప్పి దాని మీద తడుపుకుని, మళ్లీ చుట్టుకుని పోయేవాళ్లు. చలికాలంలో వేలెడు మంచు కూడా కురిసేది.

"ఏ దిక్కుమాలిన ఊర్ల పుట్టినవే నువ్వు? ఒక్కనాడు పొద్దు పొడవదు గద!" అని తిట్టుకుంటూ లింగమూర్తి తుప్పు పట్టకుండా నూనె రాసేవాడు.

తిట్టడం పైపైనే. ఇరవై రెండేళ్లుగా బండి ఇరుసులు, చెరుకు గానుగ రోలర్లు, మోట గిరకల కడ్డీలు అన్నీ దాని మీదనే తీశాడు. యాభై దాటాయి. సుత్తె ఎత్తే భుజం ఎప్పుడో పోయింది. ఈ మిషిను తప్ప ఇంకో పని చేతకాదు.

ఆ ఏడు దీపావళి వెళ్లిన వారానికి మిషిను పళ్లచక్రం విరిగి ఏడు పళ్లు రాలాయి. విరిగిన చక్రం మూటగట్టుకుని సికింద్రాబాద్ దుకాణానికి పోతే, ఏ కంపెనీది, ఏ సాలుది అని అడిగారు. తెలవదంటే నవ్వి పంపించారు.

లక్ష్మీరాజం సేటు మంచివాడే, కానీ ఖాళీగా కూర్చున్న వస్తువును చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. "ఉగాది దాక జూస్త లింగమూర్తీ. పండుగ తెల్లారి పాత ఇనుము లారీ వస్తది. అందుల ఏసేస్త" అన్నాడు.

నిజానికి మిషిను ముందు భాగాన ఒక ఇత్తడి రేకు ఉండేది. కంపెనీ పేరూ, చేసిన సాలూ దాని మీదనే ఉండేవి. ప్రతి దసరాకు లింగమూర్తి భార్య అనసూర్య ఆయుధపూజ ముందు దాన్ని చింతపండుతో, ముగ్గుపిండితో తోమేది. ఇరవై రెండు దసరాలు. ఒక్క అక్షరం మిగల్లేదు.

"గాడ పేరుంటదని నాకేమెరుక? దేవుని పూటన్న మెరవాలని తోమిన" అంది అనసూర్య.

"మెరిసింది గద! ఇగ మొఖం జూస్కో" అన్నాడు లింగమూర్తి కోపంగా.

అనసూర్య నిజంగానే చూసుకుని, బొట్టు సరిచేసుకుంది.

ఆ కార్తీకంలోనే, సీమ నుంచి వచ్చిన మిషన్ దవాఖాన నర్సు దొరసాని సైకిలు పెడల్ బాగుచేయించుకోవడానికి వచ్చింది. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి, పుస్తకంలాగే మాట్లాడేది. ఆ రోజు మిషిను మీద పొగమంచు కమ్ముకుని ఉంది. దొరసాని అందులో మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. కళ్లు చెమర్చాయి, మూతి నవ్వింది.

"ఓ లింగమూర్తీ! ఇది మా హాలిఫాక్సు పొగమంచు! ఇందులో ఉన్ని మిల్లుల బొగ్గుపొగయు, తడిసిన గొర్రెల వాసనయు ఉన్నవి!"

"గట్లనా దొరసానమ్మా? మరి మీ ఊర్ల పొద్దు పొడవదా?"

"అరుదుగా" అందామె.

లింగమూర్తికి ప్రాణం లేచొచ్చింది. మరి చేసిందెవరని అడిగాడు. ఆ ఊర్లో ఇటువంటి కార్ఖానాలు ఎన్నో ఉన్నాయట. దొరసాని నేల మీద కూర్చుని మిషిను ఇనుప కాళ్లను చూసింది. వాటి మీద ద్రాక్షాకుల తీగె పోతపోసి ఉంది. అటువంటి కాళ్లు తానెక్కడా చూడలేదని, మిషిను ఇనుప పీట కుడి కొసన నంబరు కూడా ఉండాలని చెప్పింది.

కుడి కొసన ఉన్నది కుంకుమ. ప్రతి దసరాకు నూనె రాసి పెట్టిన బొట్టు మీద బొట్టు పేరుకుని జొన్నరొట్టె మందం అయింది. దేవుని బొట్టు గీకితే ఎట్లా అని అనసూర్య అడ్డం పడింది. చివరికి తనే కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని మొక్కి, కత్తి తెచ్చి గీకింది. లోపల నంబరు కనబడింది. 214.

దొరసాని ద్రాక్షాకుల బొమ్మ గీసి, నంబరు రాసి, విరిగిన చక్రం కొలతలు వేసి తమ ఊరికి ఉత్తరం పంపింది.

పుష్యం పోయింది, మాఘం వచ్చింది. ఉత్తరం రాలేదు గానీ మంచు వచ్చింది. అంత మంచు ఆ మిషిను మీద ఎవరూ చూడలేదు. మూరెడు ఎత్తు! లింగమూర్తి రోజూ పారతో ఎత్తిపోసేవాడు. ఎత్తిపోస్తూ ఉగాదికి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకునేవాడు. సేటు మాత్రం వచ్చినవాళ్లందరికీ మంచు వేసిన షర్బత్ ఇప్పించి గొప్పలు పోయాడు.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా దొరసాని సైకిలు మీద రొప్పుతూ వచ్చింది. వెనుక చెక్కపెట్టె కట్టి ఉంది. రంపపు పొట్టులో కొత్త పళ్లచక్రం! లింగమూర్తి దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. అనసూర్య వచ్చింది, గిర్నీ ఆపించి సేటు కూడా వచ్చాడు. దొరసాని ఉత్తరాన్ని తన తెలుగులో చదివింది.

"అయ్యా, 214వ నంబరు యంత్రమును మా కార్ఖానాలో 1881లో చేసితిమి. ఆ ద్రాక్షాకులు నేను చెక్కినవే. అప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు, ఇప్పుడు ఎనుబది దాటినవి. కార్ఖానా మూతపడి చాలా కాలమైనది. కాని చక్రపు నమూనాను నేను పారవేయలేదు. 214 ఎక్కడనో బ్రతికియున్నదని మాకు తెలుసు. ఇచ్చట కార్ఖానాలో దానిని బిగించి తయారుచేసిన చోట, యంత్రమెంతయో అంత మేర, నేల ఎప్పుడును వెచ్చగానుండును. అది ఎవరి దేశపు ఎండయో ఇంతకాలము తెలియలేదు. ఈ చలికి ఇచ్చట బొగ్గు దొరకుట లేదు. నేనును నా భార్యయు ఆ చోటనే పక్క వేసికొని పండుకొనుచున్నాము. మీ ఎండ వలన బ్రతికియున్నాము. చక్రమునకు వెల అక్కరలేదు."

అనసూర్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. లక్ష్మీరాజం సేటు తలెత్తి షెడ్డు రేకులను చూశాడు.

"ఈ రేకుల కింద ఏం ఎండ తాకుతది? మిషినును బయటికి తియ్యున్రి" అన్నాడు.

"బయట పెడితె మిషిను తిప్పే గిర్నీ ఇంజను తోలు పట్ట అందది సేటూ."

"పది గజాల తోలు ఎక్కువ తెప్పిస్త. వానకాలం మల్ల లోపలికి తోద్దం."

లింగమూర్తి అడగక తప్పదని అడిగాడు. "మరి పండుగ తెల్లారి పాత ఇనుము లారీ వస్తది గద?"

"రానియ్. గింత బరువు మొయ్యనీకి మనుషులు కావాలె గద!"

అట్లా పాత ఇనుము లారీ మీద వచ్చిన ఎనిమిది మంది హమాలీలే మిషినును దుంగల మీద దొర్లించి గిర్నీ వాకిట్లోకి తెచ్చారు. లింగమూర్తి కొత్త చక్రం బిగించి చేత్తో తిప్పి చూశాడు. గరగరమని ఒక్క చప్పుడు లేదు. తన రోజులు తనకు తిరిగొచ్చాయి. మిషిను మీద మిగిలిన మంచు వాకిట్లో ఎండకు కరిగి కారిపోతోంది. హమాలీలు చెమట తుడుచుకుని లారీ వైపు నడిచారు.

"అన్నా, ఆగున్రి! జరంత ఎడమ దిక్కు జరపున్రి" అని అనసూర్య కేకేసింది. "గా కొసకు గోడ నీడ పడుతుంది. ముసలమ్మ ఏ దిక్కు పండుకుంటదో ఏమో."