కంపెనీకి పోయిన కావడి

వర్షిత మా పెదనాయన కూతురు. మా ఇద్దరిదీ తిరుత్తణిలో ఒకే వీధి, పదకొండో తరగతిలో, అంటే ప్లస్ వన్‌లో, ఒకే క్లాసు, ఇప్పుడు ఒకే ప్రాజెక్టు. అదే నా ఖర్మ.

తిరువళ్లూరు పక్కన కారు భాగాలు చేసే ఒక కంపెనీ, ఇంజనీరు పని ఎట్లా ఉంటుందో బడిపిల్లలకు చూపించాలని, తమ ఫ్యాక్టరీలోని చిక్కులనే ప్రాజెక్టులుగా ఇచ్చింది. రంగు వేసిన భాగాలు కొక్కేలకు వేలాడుతూ పోయేటప్పుడు ఊగి, ఒకదానికొకటి తగిలి గీతలు పడుతున్నాయట. ఊగకుండా ఏం చేయాలన్నది మా జంట వంతు. జంటలో ఒక్కరినే వేసవి సెలవుల్లో ఫ్యాక్టరీకి పిలిచి పని నేర్పిస్తారు. ఆ ఒక్కరూ నేనే కావాలి.

నేను వారమంతా పుస్తకాలు తిరగేశాను. వర్షిత మా ఇంట్లో కాఫీ తాగుతూ, మురుగన్ కొండకు పాలు మోసే మా నాయన కావడిని గోడకు ఆనించి ఉంటే చూసి, "పాలచెంబులకు రెండేసి తాళ్లు ఎడంగా కట్టినావే, ఎందుకు చిన్నాయనా?" అంది.

"ఒక తాడైతే కొండ మెట్లెక్కేటప్పుడు చెంబు ఊగి పాలు చిందుతాయి పాపా" అన్నాడు నాయన.

"అయితే ఆ భాగాలను కూడా రెండేసి కొక్కేలకు ఎడంగా తగిలిస్తే సరి" అంది వర్షిత. అంతే, ప్రాజెక్టు అయిపోయింది! కావడి మాది, మోసేది మా నాయన, పుట్టినప్పటి నుంచి ఆ తాళ్లు చూస్తున్నది నేను. పేరు మాత్రం దానికి. పైగా కావడినే కంపెనీకి తీసుకుపోయి చూపిద్దామంది.

"మొక్కుబడి కావడి నాయనా, కొండకు తప్ప యాడికీ పోగూడదు గదా" అని గుర్తు చేశాను. భక్తితో కాదు.

నాయన కావడికి దండం పెట్టుకున్నాడు. "చదువు కోసరమే గదా, స్వామి ఏమీ అనుకోడు. ఒక్కపొద్దుండి నేనే తీసుకొస్తా. మోసేవాళ్లు ఎవురైనా తినగూడదు, అంతే."

నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా మూడు పూటలా తిన్న మనిషి, దాని ప్రాజెక్టుకు పస్తుంటాడట! కంపెనీకి పోయే రోజు పొద్దున అమ్మ ఇడ్లీ పెట్టబోతే వర్షిత "వద్దు చిన్నమ్మా" అంది. నేను దాని ఎదుటే కూర్చుని, కారప్పొడి అద్దుకుని, దాని వంతు కూడా తిన్నాను.

తిరుత్తణికి వచ్చే కావళ్లను చూసిన జనమే గానీ, తిరుత్తణి నుంచి రైలెక్కి పోయే కావడిని ఎవరూ చూసి ఉండరు. ఒక పెద్దామె "అరోహరా" అని దండం పెట్టి, పక్కకు జరిగి వర్షితకు చోటిచ్చింది. నేను తిరువళ్లూరు దాకా నిలబడే ఉన్నాను.

కంపెనీ హాల్లో నాయన చెంబుల నిండా పాలు పోసుకుని, మెట్లెక్కి దిగాడు. చిందించు మురుగా అని మొక్కుకున్నాను. చుక్క చిందలేదు.

"ఐడియా ఎవరిది?" అని అడిగింది ఇంజనీరు దేవకి మేడం.

"మా కూతురిది" అని నాయన వర్షిత భుజం మీద చెయ్యేశాడు. అన్న కూతురు కూతురే, వరస తప్పని ఎవరంటారు? అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

"ఇప్పుడు మీరిద్దరూ తలా ఒకసారి మోయండి" అంది మేడం. "భుజానికి ఊపు ఎట్లా తెలుస్తోందో బాగా చెప్పినవాళ్లను ఫ్యాక్టరీకి పిలుస్తాం."

చెప్పడంలో అది నా ముందు ఏ మూలకు? ఒక్క అంగలో ముందుకొచ్చాను. నాయన కావడి ఇవ్వలేదు.

"తిన్న్యావా పాపా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కావడి మురుగనిది, అడిగింది నాయన. "తిన్నాను" అన్నాను. నాయన మొహం చిన్నబోయింది.

"అయితే నువ్వు రా వర్షితా" అన్నాడు.

వర్షిత నా వైపు చూసింది. తల దించుకుని, "నేనూ తిన్నా చిన్నాయనా" అంది.

మేడం నవ్వేసింది. "మా కొక్కేలకు ఒక్కపొద్దు అక్కర్లేదులే. సెలవుల్లో ఇద్దరూ ఫ్యాక్టరీకి రండి."

అందరూ చప్పట్లు కొడుతుంటే, పక్కన వర్షిత కడుపు గుర్రుమనడం నాకు వినిపించింది. ఐడియాలో మించింది, పోనీ అనుకున్నాను. ఇప్పుడు నాకొచ్చిన సీటు కూడా దాని దానమే!

స్టేషన్లో రెండు వడలు కొని, "తిను, చస్తావు" అని దాని చేతిలో పెట్టాను.

"నువ్వూ తినవే" అని అందులో ఒకటి నాకే ఇచ్చింది, మహాతల్లి.