అరగంట చాప

వంటింటి పైఅరలోంచి ఇత్తడి బేసిను దింపమంటే, చెయ్యి లేవడం లేదన్నాను పొద్దున్న. "నెల రోజుల్నించీ ఇదే పాట," అన్నారు అత్తయ్యగారు. ఆవిడకు తెలియనిదేమిటంటే, నాలుగు రోజులుగా ఆ పాట అబద్ధం.

ఉద్యమం బంద్‌లు సద్దుమణిగి బళ్ళు తెరిచిన నెలలో నా కుడి భుజం పట్టేసింది. నారాయణగూడలో మా బడిలో నల్లబల్ల మీద సగం నుంచి కిందికే రాస్తుంటే, "పైసగం ఎవరికి వదిలేశారు వేదవతిగారూ?" అని హెడ్మిస్ట్రెస్ పిల్లల ముందే అడిగింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. డాక్టరు దగ్గర మాట్లాడింది మావారే. "పనా? ఇంట్లో ఏముంటుందండీ, మామూలే." డాక్టరు నా మొహం చూడకుండా మాత్రలు రాశాడు. భుజం నాది, జవాబులు మావారివి.

కురుమమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది తోటి టీచరు అరుంధతి. చిక్కడపల్లి బజారు వెనక సందులో ఒక్క గది. నరాలు నొక్కి నొప్పులు తగ్గిస్తుంది, ఆడవాళ్ళకు మాత్రమే. నా భుజం వైపు చూడనే లేదు. "పొద్దుగాల లేచినకాడికెళ్ళి ఏమేం జేస్తవో చెప్పు," అంది. కుంపటి, కాఫీలు, నీళ్ళు పట్టడం, వంట, క్యారియర్లు, బడి, మళ్ళీ వంట, మామగారి కాళ్ళకు నూనె, దిద్దాల్సిన పుస్తకాలు... చెప్తూ చెప్తూ ఉంటే లెక్కపెట్టడానికి వేళ్ళు చాలలేదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అప్పుడు ఎడమ మోకాలి కింద బొటనవేలితో నొక్కింది. కెవ్వుమన్నాను.

"నొప్పి భుజంలో కదా, కురుమమ్మా?"

"మనిషి ఒక్కటే గదమ్మా. ముక్కలు ముక్కలుగ ఉంటదా?"

ఇంట్లో చెప్తే మావారు పడీపడీ నవ్వారు. "కాలు నొక్కితే చెయ్యి లేస్తుందిట! సరే, తగ్గేదాకా వెళ్ళు."

రోజూ బడి విడిచాక వెళ్ళేదాన్ని. నొక్కడమయ్యాక వేడి ఉప్పుమూట భుజం కింద పెట్టి, చాప మీద అరగంట పడుకోమంటుంది. మాట్లాడకూడదు. ఎవరూ పిలవరు. మొదటి రోజు భయంగా ఉండింది, ఏదో పొయ్యి మీద పెట్టి మరిచిపోయినట్టు. మూడో రోజుకు ఏడుపొచ్చింది. పుట్టింటి మీద బెంగ నాకు తెలుసు, పిల్లల మీద బెంగ తెలుసు. నా మీద నాకే ఇంత బెంగ ఉందని ఆ చాప మీదే తెలిసింది. ఇక ప్రతిరోజూ తెల్లవారిన దగ్గర్నుంచీ ఆ అరగంట కోసమే బతికాను.

పదకొండో రోజున చెయ్యి చెవి దాటి పైకి లేచింది. ఎంత దిగులేసిందో! తగ్గిందంటే మానెయ్యాలి. అందుకని ఇంట్లో మూలిగాను, బడిలో బల్ల కిందిసగంలోనే రాశాను, హెడ్మిస్ట్రెస్ చేత మళ్ళీ మాటపడ్డాను.

ఇవాళ కురుమమ్మ మోకాలి కింద నొక్కితే, అరవడం మరిచిపోయాను. ఆవిడ వేలు తీసి నా కళ్ళలోకి చూసింది.

"నొప్పి పోయింది గద. ఎందుకు దాస్తున్నవ్, టీచరమ్మా?"

"తగ్గిందంటే పంపించరు."

కోప్పడుతుందనుకున్నాను. "పండుకోనీకి నొప్పి ఉండాల్నా ఏంది?" అని చాప పరిచింది.

అశోక్ నగర్ దాకా ఆ మాటే నాతో నడిచొచ్చింది. ఇంట్లో అత్తయ్యగారు బేసిను సంగతి మావారికి చెప్తున్నారు. నేను చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తాను. బేసిను దింపి, తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను.

"అదిగో, తగ్గిపోయింది!" అన్నారు మావారు సంతోషంగా. "ఇంక ఆ చిక్కడపల్లి తిరుగుడు మానెయ్."

"తగ్గిందండీ," అన్నాను. "రేపు కూడా వెళ్తాను. ఊరికే పడుకోవడానికి."