వేపచెట్ల హోటలు ఈరక్క

చిప్స్ కోసం నాలుగో బకెట్టు ఉర్లగడ్డలు తొక్క తీసేసరికి ఈరక్క బొటనవేలు తిమ్మిరెక్కింది. చేతిని రెండుసార్లు విదిలించి ఐదో బకెట్టు దగ్గరికి లాక్కుంది. ఇంకా పొద్దు పొడవలేదు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లి పడ్డ మచ్చలు. ఎప్పుడో మంట ఎగదన్నినప్పుడు కాలిన ఎడమ కనుబొమ్మ సగం మళ్లీ మొలవనే లేదు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే రోడ్డు మీద ఈ వంటింట్లోనే ముప్పై రెండేళ్లు గడిచాయి.

అప్పట్లో దీన్ని వేపచెట్ల హోటలు అనేవాళ్లు. గోడలు, బల్లలు ఉండేవి కావు. కార్లు, జీపులు వచ్చి చెట్ల కింద ఆగేవి. హారన్ కొడితే ఈరక్క మొగుడు గోపన్న పరుగున వెళ్లి, అద్దం దించిన కిటికీకి ఇనుప ట్రే తగిలించేవాడు. ఆ ట్రేలో వేడివేడి ఫింగర్ చిప్స్. వాటికోసమే కడప నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. ఇప్పుడది అద్దాల రెస్టారెంటు. ఫ్రీజర్‌లోంచి ప్యాకెట్లు తీసి వేయిస్తారు.

ఈరోజు మాత్రం యజమాని కొడుకు హర్షవర్ధన్ పాత రోజులను మళ్లీ చూపిస్తానని అందరికీ కబురు పెట్టాడు. అవే చెట్లు, అవే ట్రేలు, అవే చిప్స్. ఆ చిప్స్ చేయడం ఈరక్కకు తప్ప ఎవరికీ తెలియదు. చిటికెన వేలంత మందాన తరగాలి. సున్నపు తేటలో గంటసేపు నానబెట్టి, నాలుగు నీళ్లు కడిగి, గుడ్డ మీద తడి ఆరనివ్వాలి. ఆపైన శెనక్కాయ నూనెలో రెండుసార్లు వేయించాలి.

పదకొండు గంటలకల్లా కార్లు నిండాయి. చెట్టు కింద కుర్చీ వేసి హర్షవర్ధన్ తండ్రి, పెద్ద సావుకారు తిమ్మయ్యను కూర్చోబెట్టారు. ఎనభై దాటాయి. చేతులు వణుకుతున్నా మాట స్పష్టంగానే ఉంది.

ఒక పెద్దావిడ వెతుక్కుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. పేరు సుబ్బలక్ష్మమ్మ, రిటైరైన టీచరు.

"ఈరక్కా, గుర్తుపట్టినావా? పెండ్లయిన కొత్తలో మా ఆయన అంబాసిడర్‌లో తీసుకొచ్చేవాడు. ఒకే ట్రేలో తినేవాళ్లం. ఆయన పోయినా ఆ రుచి మాత్రం నాలిక మీదనే ఉండాది." కళ్లు తుడుచుకుంది. "మీ గోపన్న ఎంత నవ్వుతా తెచ్చేవాడు! మంచోడే పాపం, తాగుడుకు పోయినాడు."

మూకుడులో నూనె అప్పుడే కాగుతోంది. ఈరక్క చెయ్యి చాచి స్టవ్ ఆపేసింది.

ఇరవై నాలుగేళ్ల కిందట ఆ చెట్ల కిందే ఒక పెద్దమనిషి జీపు వెనక్కి వచ్చి, ట్రే తీసుకుపోతున్న గోపన్నను మరో కారుకేసి నలిపేసింది. పోలీసులు అడిగితే తిమ్మయ్య, "వాడే తాగి అడ్డమొచ్చినాడు" అన్నాడు. గోపన్న జన్మలో చుక్క ముట్టలేదు. నడుం విరిగి నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. ప్రాణం పోయేదాకా రోజూ అదే మాట. "నేను తాగలేదే. నువ్వన్నా చెప్పు." ఆమె చెప్పింది. ఎవరూ వినలేదు. కూతురు ప్రణీతను బళ్లో తాగుబోతు కూతురనే పిలిచారు.

గతిలేక ఇక్కడే పడి ఉందని అందరూ అనుకున్నారు. ఆమె ఉన్నది అందుకు కాదు. ఆ మాట అన్నవాడి కళ్లముందు రోజూ తిరగాలని ఉండిపోయింది. ఏదో ఒక రోజు అతనికి తన అవసరం పడుతుందని ఉండిపోయింది.

హర్షవర్ధన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది ఈరక్కా? అరవై కార్లు వచ్చినాయి!"

"మీ నాయనతో చెప్పు అప్పా. గోపన్న తాగలేదని మైకులో చెప్పల్ల. చెప్తేనే స్టవ్ ముట్టిస్తా."

"ఇప్పుడేం మాటలివి? వేరేవాళ్లతో వేయిస్తా."

"వేయించుకో. ప్యాకెట్లు ఫ్రీజర్‌లో ఉండాయి."

వంటవాడు ఆమె తరిగిన ముక్కలే ఒక వాయి వేశాడు. తడి పూర్తిగా ఆరలేదు, నూనె సరిగా కాగలేదు. నూనె పీల్చుకుని మెత్తగా ముద్దకట్టాయి. బయట ఒక కారు హారన్ కొట్టింది. దాన్ని చూసి ఇంకొకటి. కాసేపటికి అన్నీ ఎత్తుకున్నాయి. తిమ్మయ్య ఆమెను పిలిపించాడు.

ఈరక్క కొంగు నడుముకు బిగించి, అతని ఎదుట నిలబడింది.

"ఎన్నేండ్ల మాట అది! ఇప్పుడెందుకు తవ్వుతాండావు?" అన్నాడతను.

"ఆ పొద్దు మీ మాట విన్నోళ్లంతా ఈ పొద్దు ఈడ ఉండారు. మళ్లీ ఇంతమంది యాడ దొరుకుతారు సావుకారీ?"

"నా పరువేం కావల్ల?"

"మా ఆయన పరువేమైందో అదే అయితాది."

హారన్లు ఆగడం లేదు. తిమ్మయ్య కొడుకు వైపు చెయ్యి చాచాడు. హర్షవర్ధన్‌కు మైకు అందించక తప్పలేదు.

"గోపన్న... ఆ పొద్దు తాగలేదు. యా పొద్దూ తాగలేదు. తాగింది జీపు నడిపినోడు. నేను కండ్లారా చూసినా. భయపడి గోపన్న మీదికి నెట్టినా."

హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తిమ్మయ్య మైకు దించబోయాడు.

"ఇంగోసారి చెప్పండి," అంది ఈరక్క. "వెనక కార్లకు వినపడలేదు."

అతను చెప్పాడు. ఈసారి గట్టిగానే. ఆమె మాత్రం ఒక్కో కారును, అందులోని ఒక్కో మొహాన్ని చూస్తూ నిలబడింది. సుబ్బలక్ష్మమ్మ కారు దిగి, రెండు చేతులూ జోడించింది. ఈరక్క తలాడించి వంటింట్లోకి వెళ్లింది.

అన్నమాట ప్రకారం స్టవ్ ముట్టించింది. మూడు గంటలు నిలబడి వేయించింది. ఏ వాయీ మాడలేదు, ఏ వాయీ మెత్తబడలేదు. ఉప్పు, కారం వేడి మీదే చల్లి ట్రేలకెత్తింది. చివరి వాయిని ప్లేటులో పెట్టి, తానే తిమ్మయ్య దగ్గరికి తీసుకెళ్లింది.

అతను ఒకటి తీసి కొరికాడు. కరకరమంది. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు.

"అదే రుచి," అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ఇంగ నా మీద కోపం పోయినట్లేనా ఈరక్కా?"

"లేదు," అంది.

ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. వెంట తెచ్చుకున్న బట్టల సంచీ చంకన పెట్టుకుంది. రేపు ఎన్నింటికి వస్తావని వంటవాడు అడిగితే, "రాను," అని మాత్రం చెప్పింది. హర్షవర్ధన్ ఆపబోయి, పక్కకు తప్పుకున్నాడు. కూతురు ప్రణీత బేతంచెర్లలో ఉంటుంది. సాయంత్రం బస్సు దొరుకుతుంది.

రోడ్డుకు పోయే దారి చెట్టు కిందనుంచే. తిమ్మయ్యను అప్పటికే లోపలికి తీసుకెళ్లారు. ఈరక్క నడక ఆపలేదు. ఖాళీ కుర్చీలో ప్లేటు ఉంది. ఒకటి తప్ప చిప్స్ అన్నీ అలాగే చల్లారిపోయి ఉన్నాయి, అంచు మీద ఎర్రటి కారం.