చూడకుండా అందుకునే చెయ్యి

గడియారాలు బాగుచేసే ముసలాయనకి ఒక పొగరుండేది. పట్టకారైనా, సన్న స్క్రూడ్రైవరైనా కళ్ళతో వెతకడు. చెయ్యి చాపితే వస్తువు అందాల్సిందే. ఇన్సులిన్ పెన్నులూ అంతే. ఇంట్లో బల్ల మీద కుడివైపుది రోజంతా మెల్లగా పనిచేసేది, పొద్దున్నే ఇరవై యూనిట్లు. ఎడమవైపుది తినేముందు వేసుకునే చురుకు మందు, నాలుగంటే నాలుగే.

"పెన్ను మీద పేరు చదవండి మామయ్యా," అని కోడలు నెత్తీ నోరూ కొట్టుకునేది.

"నలభై ఏళ్ళ చెయ్యమ్మా ఇది. దీనికే కళ్ళున్నాయి," అనేవాడు. ఏం చెప్తాం!

ఆయన బాగుచేసిన గడియారాలన్నీ ఆయన షుగరుతోపాటే నడిచేవి. పెరిగితే పరుగు, తగ్గితే నత్తనడక. వీధిలో అందరికీ అలవాటే. ఆయన దొంగచాటుగా కేకు తిన్న రోజు సెలూనాయన గంట ముందే కొట్టు కట్టేసి, మర్నాడొచ్చి చెడామడా తిట్టిపోయాడు.

ఆ రోజు కోడలు హడావుడిగా బల్ల తుడిచి, పెన్నులు మళ్ళీ పెట్టేసి, పోస్టాఫీసులో డ్యూటీకి పరుగెత్తింది.

కౌంటర్లో ముద్రలు వేస్తూ మణికట్టు చూసుకుంది. గోడ గడియారం పదిన్నర అంటోంది. మామగారు బాగుచేసిచ్చిన తన గడియారంలో పదీ పద్దెనిమిదే. సెకన్ల ముల్లు ఒక గీత దాటి, ఆగి, చాలాసేపటికి ఇంకోటి దాటింది.

వరసలో ఉన్న సెలూనాయన తన గడియారం చెవికి ఆనించుకున్నాడు. "మీ మామగారికి షుగరు బాగా పడిపోయిందమ్మా. ఇంతలా ఎప్పుడూ లేదు."

కొట్టుకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఎడమవైపు పెన్ను కుడివైపు పెట్టింది. తనే, తన చేత్తోనే. చురుకు మందు ఇరవై యూనిట్లు!

"అంబులెన్సుకి నేను చెప్తా, నువ్వు పరిగెత్తు!" అన్నాడు సెలూనాయన.

ఫోను కౌంటర్ మీదే వదిలేసి పరిగెత్తింది. కొట్లో గోడ నిండా గడియారాలు, ఒక్కటీ చప్పుడు లేదు. ముసలాయన బల్ల మీదకి ఒరిగిపోయి ఉన్నాడు. చొక్కా చెమటతో ముద్దయింది.

"టైమెంతమ్మా?" అన్నాడు, మాట తడబడుతూ.

గ్లూకోజు నీళ్ళు కలిపి నోటికందించింది. "మింగండి మామయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటా, మింగండి."

గుటక వేశాడు. ఇంకోటి. గ్లాసు ఖాళీ అయింది.

పదిహేను నిమిషాలాగి షుగరు చూడాలి. ఎందులో చూసుకోవాలి? ఇన్ని గడియారాలుండి నమ్మడానికి ఒక్కటీ లేదు. ఆయన చెయ్యి పట్టుకుని, ఏడుస్తూనే పైకి లెక్కపెట్టసాగింది. నాలుగు వందల పన్నెండు దగ్గర ఏ మూలో ఒకటి టిక్కుమంది. తర్వాత ఇంకోటి. అంబులెన్సు వచ్చేసరికి గోడంతా నడుస్తోంది.

"తప్పు నాదే మామయ్యా. పెన్నులు తారుమారు చేశాను."

"చూడకుండా గుచ్చుకుంది నేనే కదమ్మా," అన్నాడాయన, స్ట్రెచరు మీద నుంచి.

రెండ్రోజులకి ఇంటికొచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే నడకకి వెళ్ళొచ్చి, కొట్లో వాడే భూతద్దం కంటికి బిగించుకుంటాడు. పెన్ను మీద పేరు చిన్నపిల్లాడిలా కూడబలుక్కుని పైకి చదువుతాడు. వంటింట్లోంచి కోడలు "ఊఁ" అనేదాకా ఆ నలభై ఏళ్ళ చెయ్యి కదలదు.