రెమేయ్ గారి గుడ్డు

కోర్పుస్ అనే చర్చి పండగ పొద్దున రెమేయ్ వంటింట్లో కూర్చుని ఒక కోడిగుడ్డుతో కుస్తీ పడుతోంది. రెండు కొసలా సూదితో బెజ్జాలు పెట్టింది. పైనుంచి ఊదితే సొనంతా కిందికి కారాలి. ఎంత ఊదినా చుక్క రాలలేదు, దగ్గు మాత్రం తెరలు తెరలుగా వచ్చింది. చలికాలంలో పట్టుకున్న ఆయాసం పోతూ పోతూ ఆమె ఊపిరి సగం పట్టుకుపోయింది.

ఆ డొల్ల గుడ్డే కాసేపట్లో పాత చర్చి మండువాలో, పైకి చిమ్మే ఫౌంటెన్ నీటిధార మీద సాయంత్రం దాకా పడకుండా ఆడాలి. సొన ఉంటే బరువుకి పడి పగులుతుంది. గుడ్డు పడితే ఆ ఏడంతా పేటకి కలిసిరాదని అందరి భయం. ఏటా గుడ్డు ఇచ్చే గౌరవం రెమేయ్‌ది. అది కాస్తా పోతే తనని పలకరించే దిక్కు కూడా ఉండదని ఆమె బెంగ.

పక్క వాటాలో ఆమె అన్న భార్య కిమెతా ఉంటుంది. బార్సిలోనా చేపల అంగట్లో జీవితమంతా కేకలేసిన మనిషి, ఊపిరికి కొదవ లేదు. కానీ ఇద్దరికీ మాటల్లేవు. "నీ గుడ్డుకన్నా నా సార్డీన్ చేప బాగా ఆడుతుంది" అని కిమెతా నడిబజార్లో అన్నప్పటి నుంచీ ఎడమొహం పెడమొహమే.

వేరే దారి లేక రెమేయ్ వెళ్లి తలుపు తట్టింది.

"వదినా, ఇది కాస్త ఊదిపెడతావా?"

"ఏమే, ఇన్నాళ్లకి వదిన గుర్తొచ్చిందా? నా నోరు చేపల కంపన్నావుగా!"

"అన్నాను. ఇప్పుడా నోరే కావాలి. ఊదు తల్లీ, చర్చిలో గంట కొట్టేస్తారు."

కిమెతా ఒక్క ఊదు ఊదింది. సొనంతా గిన్నెలో పడి, కొంచెం రెమేయ్ పండగ గౌను మీదా చిందింది.

"ఈమాత్రం దానికా ఇన్నేళ్లు అంత బడాయి!" అంటూ తనే బెజ్జాలకి మైనం పెట్టింది. "పద, నేనూ వస్తున్నా. నా గుడ్డు ఎలా ఆడుతుందో చూడాలి."

'నీ గుడ్డా!' అనబోయి రెమేయ్ నోరు మూసుకుంది.

మండువా నిండా జనం. నేలలో పరిచి వందల ఏళ్లుగా అరిగిన సమాధి రాళ్ల మీద పిల్లలు గెంతుతున్నారు. ఫౌంటెన్ చుట్టూ పచ్చటి పూలు, చెర్రీ పళ్ల గుత్తులు, పక్కన మడుగులో బాతులు. ఫాదర్ ఒలగే ఆ గుడ్డుని ధార మీద వదిలాడు. అది ఓ పక్కకి ఒరిగింది. అంతలోనే గుడ్డు నిలదొక్కుకుని గిర్రున తిరగసాగింది.

"రెమేయ్ గారి చేతి చలవ!" అన్నాడు ఫాదర్. అంతా చప్పట్లు కొట్టారు.

కిమెతా పక్కనే ఓ స్తంభాన్ని చూస్తూ నిలబడింది. చప్పట్లు కొట్టకుండా చేతులు కట్టుకుంది. అది చూసి రెమేయ్‌కి సిగ్గేసింది.

"నేను కాదు ఫాదర్, మా వదిన ఊదింది" అంది. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. మళ్లీ చెప్పబోతే దగ్గు తెర అడ్డొచ్చింది.

"గట్టిగా చెప్పవే" అంది కిమెతా చెవిలో.

"ఊపిరేదీ? అదీ నువ్వే చెప్పు."

కిమెతా గుండెల నిండా గాలి పీల్చుకుంది. చేపల అంగడి కేక చర్చి గోపురాన్ని తాకింది.

"గుడ్డు మా రెమేయ్‌ది! ఊపిరి నాది! వచ్చే ఏడూ ఇంతే!"

మడుగులో బాతులు బెదిరి అరిచాయి. గుడ్డు మాత్రం ఆడుతూనే ఉంది.